రెండు స్క్రూల మీద ఎర్ర గీత

టార్చిలైటును పళ్ళతో కరిచి పట్టుకుని, నీలం కారు బానెట్ కింద నడుము వంచి, ఎయిర్ సెన్సర్‌ని బిగించిన రెండు స్క్రూల వంక రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు సీలు మేస్త్రీ. ఒక్కో స్క్రూ తల మీద నుంచి పక్కనున్న నల్ల ప్లాస్టిక్ మీదికి ఒక ఎర్ర గీత ఉంది. ముదురు ఎరుపు. కొస కుడివైపుకి తోకలా సాగింది. ఎక్కడా చిట్లలేదు, పెచ్చు ఊడలేదు. గోటితో గీకి చూశాడు. తన గీతే, సందేహం లేదు. సందేహం లేని సంగతి దొరకడం ఆయనకు అరుదు కాబట్టి ఇంకోసారి చూశాడు.

కారు టీచరమ్మది. తొమ్మిది రోజుల కిందట ఇదే సెన్సర్‌ని తన చేతులతో కడిగి, కొలిచి, గీత పెట్టి పంపించాడు. మళ్ళీ అదే జబ్బుతో వచ్చి నిలబడింది. ఆగి ఉన్నప్పుడు వణుకు, తొక్కితే ఎత్తుకోదు, పెట్రోలు మాత్రం తెగ తాగుతోంది. ఎవరూ విప్పని సెన్సర్ దానంతటదే ఎలా చెడుతుంది? ఎవరో ఏదో చేశారు. ఎలా చేశారన్నదే తేలడం లేదు.

షెడ్డులో అందరూ ఆయన్ని సీలు మేస్త్రీ అనే పిలుస్తారు. పని పూర్తయ్యాక తను బిగించిన ప్రతి స్క్రూ మీదా గోళ్ళరంగుతో ఒక గీత పెట్టనిదే ఆయన చేతులు కడుక్కోడు. తర్వాత ఎవరైనా ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పినా గీత తెగిపోతుంది, తిప్పినవాడు దొరికిపోతాడు. మొదటి సీసా కూతురిది. రంగు తనకు నప్పలేదని పిల్ల పారేయబోతుంటే జేబులో వేసుకున్నాడు. ఆ పిల్లకు పెళ్ళయి, దానికో పిల్ల పుట్టినా తండ్రి మాత్రం ఇంకా అదే రంగు కొంటున్నాడు. సీసా ఆరు నెలలొస్తుంది. అడుగంటాక చుక్క థిన్నరు పోసి ఇంకో నెల లాగిస్తాడు, అప్పుడు రంగు ముదిరి చిక్కబడుతుంది. నెరిసిన మీసంతో వెళ్ళి గోళ్ళరంగు అడిగే ఆ మనిషిని చూసి ఫ్యాన్సీ దుకాణంలో అమ్మాయిలు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకుంటారు. నవ్వనీ. ఎందుకు నవ్వుతున్నారో కూడా ఆయన ఒకటి రెండుసార్లు ఆరా తీశాడు.

ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. పనిలో చేరిన కొత్తలో ఒక పెద్ద మేస్త్రీ, "తాళం తీసేశాను, చెయ్యి పెట్టు" అంటే నమ్మి ఇంజిన్లో చెయ్యి పెట్టాడు. తాళం తియ్యలేదు. ఫ్యాను తిరిగింది. ఎడమ బొటనవేలికి గోరు మళ్ళీ మొలవలేదు. ఆ రోజు నుంచి మనిషి మాటను నమ్మడం మానేసి మీటరును నమ్ముకున్నాడు. మీటరుకు ముల్లు పోయి అంకెలొచ్చాయి, ఆయన జుట్టు పోయి బట్టతల వచ్చింది, నమ్మకం మాత్రం మారలేదు. ఇంట్లో తలుపు గడియ మూడుసార్లు లాగి చూస్తాడు. మూడోసారి లాగేటప్పుడు పెళ్ళాం లోపల నుంచి "వేసే ఉంది" అంటుంది. అన్నందుకు నాలుగోసారి లాగుతాడు.

అసలు గొడవ రెండు నెలల కిందట మొదలైంది. తను అంతకుముందు సెన్సర్ కడిగిన తెల్ల కారొకటి బ్రేకుల పని మీద వస్తే, అలవాటుగా బానెట్ ఎత్తి గీతలు చూసుకున్నాడు. గీతలున్నాయి. తెగలేదు. కానీ రంగు మరీ తాజాగా, మెరుస్తూ ఉంది. తోక ఎడమవైపుకి సాగింది. తను కుడిచేతివాటం మనిషి. ముప్పై ఏళ్ళలో ఒక్క గీత కూడా ఎడమకి సాగలేదు. అంటే ఎవరో తన వెనకాల స్క్రూలు విప్పి, ఏదో చేసి, మళ్ళీ బిగించి, తన గీతను కూడా దొంగరాత రాశారు. అప్పటినుంచి వచ్చిన ప్రతి కారు బానెట్టూ ఎత్తి చూశాడు. ఏడు కార్లలో ఏడింటికీ దొంగ గీతలే.

షెడ్డులో ఎడమచేతివాటం మనిషి ఒక్కడే. తన తోడల్లుడు.

పెళ్ళాం చెల్లెలి మొగుడు. పంతొమ్మిదేళ్ళ కిందట పని లేక తిరుగుతుంటే తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఏ నట్టుకి ఏ స్పానరో నేర్పి, పక్కబల్ల ఇప్పించాడు. మనిషి నెమ్మది. నోట్లో నాలుక ఉందా అనిపించేలా ఉంటాడు. అలాంటివాళ్ళనే ఎక్కువ కనిపెట్టి ఉండాలని సీలు మేస్త్రీ అభిప్రాయం.

ఎందుకు చేస్తున్నాడో కూడా తెలుసు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, షెడ్డులో సగం పోతుంది. సెన్సర్లూ వైరింగూ చూసే ఇద్దరిలో వచ్చే నెల నుంచి ఒక్కరినే ఉంచుకోగలనని, ఎవరినన్నది నెలాఖరున చెబుతానని యజమానురాలు ఎప్పుడో చెప్పేసింది. ఆ నెలాఖరు ఇవాళే. సాయంత్రం నాలుగింటికి గదిలోకి రమ్మంది. తనకు యాభై ఏడేళ్ళు. ఈ వయసులో ఇంకో షెడ్డు గుమ్మం తొక్కనివ్వరు. ఇంట్లో కూర్చుంటే గడియ లాగి చూసుకోవడం తప్ప చేసే పని లేదు. ఈ బల్ల పోతే తను ఏమిటి? ఆ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా ఆయనకు నిజంగా భయం వేస్తోంది.

పొద్దున ఇంట్లో కూడా ఏదో జరుగుతోందని పసిగట్టాడు. పెళ్ళాం ఫోనులో గుసగుసలాడుతూ, ఆయన రాగానే "తర్వాత చేస్తాలే" అని పెట్టేసింది.

"ఎవరు?"

"చెల్లి."

"ఏమిటట?"

"ఏముంటుంది, మామూలే."

మామూలు మాటలకు అంత గుసగుసలెందుకు? ఆ లెక్క తేలకముందే ఆమె స్నానాలగదిలోకి వెళ్ళింది. ఆయన వంటింట్లోనే బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. కాసేపటికి తడిచేతులతో పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. "మాడిన వాసన వీధి దాకా కొడుతోంది, పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారండీ?" అంది. గిన్నె అడుగున పాలు నల్లగా పట్టేశాయి. "కాపలా పెట్టి వెళ్ళావా నన్ను?" అన్నాడాయన. ఆమె గిన్నె పక్కన పెట్టి, ఆయన మొహంలోకి అదోలా, చాలాసేపు చూసింది. ఆ చూపు కూడా ఆయనకు నచ్చలేదు. మూడు నెలల కిందటి జ్వరం తర్వాత ఆమె వంట పూర్తిగా చప్పబడింది. డాక్టరుతో కలిసి తనకు చెప్పకుండా ఉప్పూకారం తగ్గించేసిందని ఆయనకు తెలుసు. అడిగితే కాదంటుంది. అడగడమెందుకని నోరు మూసుకుని తింటున్నాడు.

షెడ్డుకి రాగానే ఇంకోటి కంటబడింది. తోడల్లుడు మడిచిన కాయితం ఒకటి పట్టుకుని యజమానురాలి అద్దాల గదిలోకి వెళ్ళాడు. ఆమె చదివి, లేచి నిలబడి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఇతను తల దించుకునే ఏదో చెప్పాడు. ఆమె కూర్చుంది. తోడల్లుడు కాయితం లేకుండా బయటికొచ్చి, సీలు మేస్త్రీ కళ్ళలోకి చూడకుండా తన బల్ల దగ్గరికి పోయాడు. నాలుగింటి దాకా ఆగలేక ముందే మంతనాలు జరుపుకున్నాడన్నమాట.

సరే. తన దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఇవాళ పట్టుకుంటాడు.

ముందు టీచరమ్మ కారు సంగతి చూడాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి, మీటరు నల్ల తీగను బ్యాటరీకి తగిలించి, ఎర్ర తీగ మొనను సెన్సర్ ప్లగ్గు వెనక సందులోంచి దూర్చాడు. ఉండాల్సిన దానికన్నా అంకె తక్కువ చూపించింది. చేత్తో యాక్సిలరేటర్ తీగ లాగి వేగం పెంచితే అంకె బద్ధకంగా పెరిగి మధ్యలోనే ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ పిడితో సెన్సర్ మీద మెల్లగా తట్టాడు. ఇంజిన్ చప్పుడు మారలేదు, అంటే లోపల తీగ తెగలేదు. ప్లగ్గు పీకేశాడు. వణుకుతున్న ఇంజిన్ ఒక్కసారి కుదుటపడింది. ఇక తేలిపోయింది. ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో చెప్పడమే ఆ సెన్సర్ పని. అది తక్కువ చెబితే పెట్రోలు కొలత మొత్తం తప్పుతుంది. చెప్పేవాడు లేనప్పుడే ఇంజిన్ బాగుందంటే, చెప్పేవాడు అబద్ధం చెబుతున్నట్టే.

తన గీతను తనే తెంపి స్క్రూలు విప్పాడు. సెన్సర్‌ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని కిటికీ వెలుగులో పెట్టి, భూతద్దంలోంచి చూశాడు. జుట్టు పోగంత తీగ. దాని మీద పలచగా గోధుమరంగు పొర కాలి అంటుకుపోయింది. తొమ్మిది రోజుల్లో ఇంత పొర పట్టడం ఆయన ఎన్నడూ చూడలేదు.

అలమరలో రెండు ఉక్కు స్ప్రేసీసాలుంటాయి. పెద్ద డబ్బాల్లో కొన్న మందును వాటిల్లో నింపుకుంటారు. ఒకటి జిడ్డు పట్టిన గొట్టాలు కడిగే ఘాటు మందు, ఆరాక పలచని జిగురు పొర మిగులుస్తుంది. రెండోది సెన్సర్ కడిగేది, ఏమీ మిగల్చకుండా ఎగిరిపోతుంది. రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి. కాయితం అంటిస్తే మందుకి తడిసి వారానికే ఊడిపోతుంది. అందుకని మొదటినుంచీ వాసనతోనే గుర్తుపట్టడం ఆ షెడ్డు అలవాటు. పోయిన వారం ఒక సీసా మెడకు ఎవరో నీలం టేపు చుట్టారు. ముప్పై ఏళ్ళుగా లేని టేపు ఇప్పుడెందుకు? తనను ఇరికించడానికే అనుకుని పీకి, సాక్ష్యంగా పనికొస్తుందని బల్ల అడుగున అంటించి దాచాడు.

ఒక సీసా తీసి గుడ్డ మీద చుక్క వేసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. తల ఊపాడు. "మళ్ళీ నీళ్ళు కలిపాడు వెధవ," అని సరుకు అమ్మేవాడిని తిట్టుకున్నాడు. ఈమధ్య సరుకులో మునుపటి ఘాటు లేదు. తీగకు వేలు గానీ గుడ్డ గానీ తగలనివ్వకుండా, జానెడు దూరం నుంచి పదిసార్లు పిచికారీ చేశాడు. నోటితో ఊదలేదు. ఊదితే ఉమ్మి తగులుతుంది. ఉతికిన గుడ్డ మీద పెట్టి, ఇరవై నిమిషాలు దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తీగ తళతళలాడింది. బిగించి స్టార్ట్ చేస్తే అంకె సరిగ్గా ఉండాల్సిన చోట నిలబడింది. ముదురు ఎరుపు గీతలు రెండు పెట్టాడు.

పన్నెండున్నరకు చేతులు కడుక్కుని, అందరికీ వినబడేలా, "బయట తినొస్తా" అన్నాడు. వెనకవైపు నుంచి చుట్టూ తిరిగొచ్చి టైర్ల గదిలో దూరి, సందులోంచి కన్ను పెట్టాడు.

ఎక్కువసేపు ఆగాల్సిన పని లేకపోయింది. తోడల్లుడు టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. ఇటూ అటూ చూశాడు. నీలం కారు బానెట్ ఎత్తాడు. ఎడమచేత్తో స్క్రూలు విప్పాడు. సెన్సర్ బయటికి తీసి, అలమరలోంచి రెండో సీసా తెచ్చి పిచికారీ చేశాడు. ఉతికిన గుడ్డ మీద పెట్టి, తిండి మానేసి, ఇరవై నిమిషాలు దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం కూడా తను నేర్పిందే. తర్వాత బిగించి, చొక్కా జేబులోంచి చిన్న ఎర్ర సీసా తీశాడు.

"దొరికావు," అన్నాడు సీలు మేస్త్రీ వెనక నుంచి.

తోడల్లుడు ఉలిక్కిపడలేదు. గీత పూర్తిచేసి సీసా మూత పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా ఇది? స్పానరు పట్టుకోవడం నేర్పింది నేను. నిన్ను ఈ గుమ్మం ఎక్కించింది నేను. నా వెనకాల నా పనే చెడగొట్టి, నా గీతే దొంగిలించి, నన్ను గెంటించి నా బల్ల మీద కూర్చుంటావా? మీ వదిన మొహం ఎలా చూస్తావు?"

తోడల్లుడు అలమరలోంచి రెండు సీసాలూ తెచ్చాడు. రెండు గుడ్డ పేలికల మీద చెరో చుక్క వేసి చాచాడు.

"ఏది ఏదో చెప్పన్నా."

"ఏంటీ వేషాలు?"

"చెప్పు."

సీలు మేస్త్రీ ఒక పేలిక ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది. కళ్ళు మూసుకుని, ఊపిరితిత్తులు నొప్పెట్టేదాకా పీల్చాడు. రెండూ మంచినీళ్ళలా ఉన్నాయి.

"సరుకు పలచన," అన్నాడు.

"నీ కుడిచేతిలో దానికి నాకు ఇక్కడ నిలబడితేనే కళ్ళు మండుతున్నాయి," అన్నాడు తోడల్లుడు నెమ్మదిగా. "పొద్దున సెన్సర్ మీద నువ్వు కొట్టింది అదేనన్నా. జ్వరం తగ్గి వచ్చినకాడి నుంచీ అంతే. ఒకరోజు సరైంది తీస్తావు, ఒకరోజు అది తీస్తావు. కొట్టగానే తీగ మెరుస్తుంది, మీటరు సరిగ్గానే చూపిస్తుంది. మిగిలిన జిగురుకి దుమ్ము పట్టి, వారం తిరక్కుండా పొర కాలుతుంది."

ఆయన పేలికలు రెండూ బల్ల మీద పెట్టేశాడు. పక్కనే కూర్చుని తెలుసుకోలేని మాడిన పాలు. ఉప్పూకారం తగ్గని కూర. పెళ్ళాం చూసిన చూపు. ఇన్నాళ్ళూ లోకంలో ప్రతి మనిషినీ, ప్రతి సీసానీ, ప్రతి స్క్రూనీ అనుమానించాడు, ఒక్క తన ముక్కును తప్ప. ఏడు కార్ల మీద దొంగ గీతలున్నాయి, ఆ ఏడింటిలో ఒక్కటి కూడా ఆ జబ్బుతో వెనక్కి రాలేదు. వచ్చిన ఒకే ఒక్క కారు మీద ఉన్నది అచ్చంగా తన గీత. తొమ్మిది రోజుల కిందట తోడల్లుడు సెలవులో ఉన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెబితే నమ్మేవాడివా? టేపు చుట్టాను. పీకేశావు."

"మేడమ్‌తో ఒక్క ముక్క చెప్పుంటే ఈ పాటికి బల్ల నీదయ్యేది."

తోడల్లుడు టిఫిన్ డబ్బా మూత తీశాడు. "తినలేదుగా నువ్వు. రా," అన్నాడు.

ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నారు. కూర ఎలా ఉందో సీలు మేస్త్రీకి తెలియలేదు. తెలియనందుకు ఎవరి మీదా కోపం రాలేదు కూడా. సిగ్గు మాత్రం ముద్దముద్దకీ అడ్డం పడింది.

మూడింటికి టీచరమ్మ వచ్చింది. "ఈసారైనా మళ్ళీ రానక్కర్లేదుగా మేస్త్రీగారూ?" అంది తాళాలు అందుకుంటూ. మామూలుగా అయితే ఆయన ఎవరికీ మాట ఇవ్వడు.

"రానక్కర్లేదమ్మా," అన్నాడు. "దాని మీద రెండు చేతులు పడ్డాయి."

నాలుగింటికి అద్దాల గదిలోకి వెళ్ళి, యజమానురాలు కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె నోరు తెరిచేలోపే మొదలుపెట్టాడు. మధ్యాహ్నం నుంచి కూడబలుక్కున్న మాటలు అన్నీ కలిసిపోయి వచ్చాయి.

"నా ముక్కు పోయిందమ్మా. వాసన తెలియడం లేదు. మూడు నెలల నుంచి నేను తప్పు మందు కొడుతుంటే, వాడు నా వెనకాల దిద్దుకుంటూ వస్తున్నాడు. నేను వాడిని నానా మాటలూ అన్నాను. వాడిని ఉంచండి. నన్ను పంపెయ్యండి."

ఆమె సొరుగు లాగి, పొద్దున ఆయన దూరం నుంచి చూసిన మడిచిన కాయితం తీసి బల్ల మీద పెట్టింది.

"పొద్దునే రాసిచ్చేశాడు. బస్సు డిపోలో చేరుతున్నాడట సోమవారం నుంచి. తొమ్మిది రోజుల కిందట సెలవు పెట్టింది దానికేనట. వద్దన్నాను, వినలేదు."

"అది రెండు బస్సులు మారి వెళ్ళాలి కదమ్మా."

"నేనూ అదే అన్నాను. నన్నయితే ఇంకోచోట తీసుకుంటారు, అన్నను ఈ వయసులో ఎవరు తీసుకుంటారు, అన్నాడు."

పొద్దున్నే ఫోనులో అక్కచెల్లెళ్ళ గుసగుసలు దీనికేనన్నమాట. ఆయన కాయితం తీసుకుని రెండుసార్లు చదివాడు. రెండే వరుసలు. అందులో తన పేరు ఎక్కడా లేదు.

"ముక్కు సంగతి చెప్పాడా మీకు?"

"లేదు. ఇప్పుడు నువ్వు చెబితేనే తెలిసింది." ఆమె కాయితం మళ్ళీ సొరుగులో పెట్టేసింది. "వాసన తెలియకపోతే సీసాలకు గుర్తులు పెట్టుకో. లోకంలో ఉన్న స్క్రూలన్నిటికీ గుర్తులు పెడతావు, ఆ రెండు సీసాలకీ ఎందుకు పెట్టలేదు?"



బయటికొచ్చేసరికి పక్కబల్ల ఖాళీగా ఉంది. ఊడ్చి, తుడిచి, జిడ్డు మరకలు కూడా గీకేసి ఉంది. గోడకున్న మేకుకి అతని చొక్కా లేదు. పనిముట్ల పెట్టె లేదు. నాలుగూ పదిహేను బస్సుకి వెళ్ళిపోయాడని, ఉద్యోగం సంగతి మాత్రం అన్నకు తర్వాత చెప్పుకుంటానన్నాడని షెడ్డులో రంగులేసే పెయింటరు చెప్పాడు. సీలు మేస్త్రీ గేటు దాకా వెళ్ళి రోడ్డు రెండు వైపులా చూశాడు. బస్సు అప్పటికే పోయింది.

తిరిగొచ్చి అలమర తెరిచాడు. సెన్సర్ మందు సీసా మెడకు కొత్త నీలం టేపు మూడు చుట్లు చుట్టి ఉంది. ఈసారి ఆయన దాన్ని ముట్టుకోలేదు, వేలితో నొక్కి ఇంకాస్త అంటించాలనిపించినా ఊరుకున్నాడు. దాని పక్కన తోడల్లుడి గోళ్ళరంగు సీసా ఉంది. తనదే రంగు, తనదే కంపెనీ. ఆరు నెలలు రావాల్సిన సీసా. తను కనిపెట్టింది ఏడు కార్లే.

ఆయన దాన్ని తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. మూత గట్టిగా బిగించి ఉంది. రంగు సగానికి దిగిపోయింది.